చేతికర్ర కింద బండి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని పల్లెలోనూ ఊళ్ళోనూ అందరికీ తెలుసు. ఊరు మంచిదో కాదో ఇది చదివాక మీరే చెప్పండి. ఆ ఊరి పేరు మాత్రం రాయను. నందిగామకు ఏడు మైళ్ళు, మధ్యలో ఒక వాగు. అంతవరకు చాలు.

నేను సౌభాగ్యమ్మని, ఊరికి ఎడంగా ఉండే మా పల్లెలో మిషను బడి పంతులమ్మని. ఇశ్రాయేలు నా తమ్ముడు. మిలిటరీలో మోటారుసైకిలు మీద ఉత్తరాలు చేరవేసే పని చేసి తిరిగొచ్చాడు. ఆరడుగుల మనిషి. వాడి భార్య జయమణి వాడి భుజం దాకా కూడా రాదు. తొలి కాన్పుకి ఆమెను ఎడ్లబండి మీద నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వాగు దగ్గర ఎడ్లు మొరాయించాయి. బిడ్డ దక్కలేదు. "మళ్ళీ కడుపొస్తే నొప్పులు మొదలైన గంటలో నా దగ్గరుండాలి. ఆలస్యమైతే ఈసారి తల్లి కూడా మిగలదు" అంది డాక్టరమ్మ.

ఆ మాట మావాడి గుండెలో మేకులా దిగింది. ఉన్న రెండు గేదెల్నీ సంతకి తోలి అమ్మేసి, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత మోటారుసైకిలు కొనుక్కొచ్చాడు. ఎత్తయిన బండి. నాలాంటి వాళ్ళు దాన్ని ఎక్కాలంటే అరుగు కావాలి. వాడికి మాత్రం కాళ్ళు కొలిచి చేసినట్టుండేది. ఆ ఏడు తొలి వానల్లో పాము కరిచిన ముసలాయన్ని వెనక కట్టుకుని వాగు మీది చప్టా దాటాడు. పిక్కల్లోతు నీళ్ళు పారుతున్నా అవి ఇంజను కిందనుంచే పోయాయి, ముసలాయన బతికాడు. ఆ రోజు జయమణి నా చెవిలో, "వదినా, ఇంక నాకు భయం లేదు" అంది. అప్పటికి ఆమెకు మూడో నెల.

పల్లె నుంచి నందిగామ పోవాలంటే ఊరి పెద్దవీధి తప్ప వేరే దారి లేదు. వీధికి రెండు పక్కలా అరుగులు, అరుగుల మీద పెద్దమనుషులు. పల్లెవాడు సైకిలు మీద వస్తే వీధి మొదట్లో దిగి, చివరిదాకా నెట్టుకుంటూ పోవాలి. అదేం రాజ్యాంగంలో రాయలేదు గానీ రాసినదానికంటే గట్టిగా నడిచేది. మావాడు దిగలేదు. దిగకపోవడం ఒక తప్పు. బండి మీద కూర్చుంటే వాడి తల అరుగు మీద కూర్చున్నవాళ్ళ తలలకంటే పైన ఉండటం దానికి మించిన తప్పు.

జగన్నాథరావుగారు కబురు పెట్టాడు. ఊరికి పెద్ద, ఖద్దరు మనిషి. అంటరానితనం మీద సభల్లో కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడతాడు. తమ్ముడితో పాటు నేనూ వెళ్ళాను. పల్లె పెద్ద ఆశీర్వాదం కూడా వచ్చి, తువ్వాలు నడుముకు చుట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

"దిగమని నేనంటానా అబ్బాయ్? అంటే నేరం. చట్టమొచ్చింది. చావిట్లో చదివి వినిపించింది నేనేనాయె" అన్నాడు జగన్నాథరావుగారు నవ్వుతూ. "నువ్వు దర్జాగా కూర్చునే పో. కాకపోతే పెద్దాళ్ళ నెత్తిమీదుగా పోతున్నట్టుంది, చూడ్డానికి బాగాలేదు. బండి కాస్త పొట్టి చేయించుకో. మనిషిని బట్టి బండి ఉండాలి గదా!"

"మనిషిని బట్టే ఉందండి. నా కాళ్ళకి సరిగ్గా సరిపోయింది" అన్నాడు తమ్ముడు.

"నీ కాళ్ళ సంగతి కాదురా నేననేది."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. చట్టమూ చెడలేదు, అరుగూ చెడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి ఎడ్లబండి మీద గడ్డిమోపు పోతే మీ నెత్తిమీదుగా పోవడం లేదాండి?" అని అడిగాను. ఆయన నా వైపు తల కూడా తిప్పలేదు.

సాయంత్రం ఆశీర్వాదం మా గుమ్మంలో కూలబడ్డాడు. "బండి ఇలాగే పోతే మిరపకోతలకి మన పల్లె నుంచి ఒక్కర్ని కూడా పిలవరంట. మా పొయ్యిల్లో పిల్లులు లేవవు నాయనా."

"చట్టం ఉందన్నాడుగా ఆయనే? పోలీసులకి చెబుదాం" అన్నాను.

"చట్టం కోతలకి పిలుస్తదా పంతులమ్మా?"

జయమణే నోరు విప్పింది. "పోనీ, దిగి నెట్టుకుంటూ పోదామండీ. నలుగురూ చేసేదేగా."

"నీకు నొప్పులొచ్చిన రోజున నిన్ను కూడా దింపి ఈ వీధంతా నడిపించనా?" అన్నాడు తమ్ముడు. దిగితే ఆమె నడవాలి. దిగకపోతే పల్లె పస్తుండాలి. అడకత్తెరలో పోకచెక్కలా వాడు ఆ రాత్రంతా ఎలా నలిగాడో నాకు తెలుసు.

మర్నాడు బండి జగ్గయ్యపేట తీసుకెళ్ళాడు. బడికి పలకలు కొనాలని నేనూ వెనక కూర్చున్నాను. బస్టాండు దగ్గర బుల్లిబాబు షెడ్డు.

"పొట్టివాళ్ళు వచ్చి కాలు అందట్లేదు, దించవయ్యా అంటారు. నీకేం రోగం? ఒంటె లాగున్నావ్" అని బుల్లిబాబు ఎగతాళి చేశాడు. సంగతి విన్నాక నవ్వు ఆపేసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ బండి చుట్టూ తిరిగి చూశాడు. "చక్రాలు చిన్నవేస్తా. సీటు కింద స్ప్రింగులు కోసేస్తా. కానీ బాబూ, చక్రం చిన్నదైతే ఇంజను కూడా కిందికొస్తది. వాగులో నీళ్ళు లోపలికి పోయి ఆగిపోద్ది."

"తెలుసు. తుపాను వానలు మొదలయ్యే లోపే మా ఆవిణ్ణి నందిగామలో మా పిన్ని ఇంట్లో దింపేస్తా. తొమ్మిదో నెల రానివ్వను" అన్నాడు తమ్ముడు.

ఆ తరవాత పరీక్ష పెట్టారు. జగన్నాథరావుగారు అరుగు మీద కూర్చుని, తన చెవి ఎత్తున చేతికర్రను వీధిలోకి అడ్డంగా చాచి పట్టుకున్నాడు. దాని కిందనుంచి మావాడు బండి మీద పోవాలి. "తల వంచద్దు సుమా! తల వంచమని మేమెవరినీ అడగం" అన్నాడు. అరుగుల మీద వాళ్ళు అవునవును అన్నారు. మొదటిసారి కర్ర వాడి జుట్టుకి తగిలింది. మళ్ళీ జగ్గయ్యపేట వెళ్ళి, సీటును ఏకంగా బండి ఇనుప చట్రానికే బిగించుకొచ్చాడు. రెండోసారి కర్రకి తగలకుండా పోయాడు. చప్పట్లు కొట్టారు. ఆరడుగుల మనిషి, మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతుంటే, గొంతుక్కూర్చున్నట్టు బండి మీద ముడుచుకుని పోతుంటే మా పల్లె పిల్లలు కూడా నవ్వారు. వాళ్ళని చితకబాదాలనిపించింది. ఇంటికొచ్చి తమ్ముడు అన్నం ముట్టలేదు. జయమణి మాత్రం వాడి మోకాళ్ళకి ఆముదం రాస్తూ కూర్చుంది.

ఎనిమిదో నెల సగంలో, ఆదివారం ప్రార్థన అయ్యి ఇంటికొచ్చిన కాసేపటికి ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. బయట కుండపోత. నందిగామ ప్రయాణం వచ్చే వారం అనుకున్నాం. మనం అనుకుంటే ఏం లాభం! తమ్ముడు ముందు, మధ్యలో జయమణి, ఆమెను పట్టుకుని వెనక నేను. ముగ్గురి బరువుకి ఆ బండి ఇంకా కిందికి దిగింది. పెద్దవీధిలోంచి పోయాం. ఆ వానలో అరుగుల మీద ఒక్క పురుగు లేదు. ఖాళీ అరుగులకంటే పొట్టిగా పోయాం.

చప్టా మీద పిక్కల్లోతు నీళ్ళు. పాము కరిచిన ముసలాయన్ని దాటించిన రోజు కూడా అంతే ఉన్నాయి, ఒక్క వేలు ఎక్కువ లేదు. సగం దూరంలో ఇంజను దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆగిపోయింది. తమ్ముడు కిక్కు కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. "లెగవే, లెగవే తల్లీ" అని బండిని బతిమాలుకున్నాడు. అంత మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. చివరికి బండిని అక్కడే వదిలేసి, ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని దాటాడు. అవతల నల్లరేగడి, మోకాలి దాకా దిగబడే దారి. ఎత్తుకునే నడిచాడు. ఆమె చీర అంచు నుంచి కారేది వాననీళ్ళు మాత్రమే కాదని వెనక నడుస్తున్న నాకు కనిపిస్తూనే ఉంది. వాడికి చెప్పలేదు.

"వదినా, దాటామా?" అంది జయమణి కళ్ళు తెరవకుండా.

"దాటామే తల్లీ. అదుగో నందిగామ" అన్నాను. నందిగామ ఇంకా నాలుగు మైళ్ళుంది.

పెద్దరోడ్డు మీద సున్నపురాళ్ళ లారీ ఒకటి దొరికింది. ఆసుపత్రి గేటు దగ్గర లారీ ఆగేసరికే ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది. బిడ్డ కడుపులోనే ఉంది. తల్లీబిడ్డల్ని విడదీయొద్దని తమ్ముడు డాక్టరమ్మ కాళ్ళు పట్టుకున్నాడు.

మర్నాటికి వాన వెలిసింది, ఆమెను పల్లెకి తెచ్చుకున్నాం. మా సమాధుల దొడ్డి ఊరికి అవతలుంది. శవపెట్టెను భుజాల మీద పెట్టుకుని పెద్దవీధిలోకి వచ్చాం. ముందు తమ్ముడు, ఆశీర్వాదం. వెనక ఇద్దరు పల్లెవాళ్ళు. ఎండ కాస్తుంటే అరుగులన్నీ నిండి ఉన్నాయి. మొదటి అరుగు రాగానే, ఎవరూ ఏమీ అనకుండానే, ఆశీర్వాదమూ వెనక ఇద్దరూ పెట్టెను భుజాల మీదనుంచి చేతుల్లోకి దించారు. తమ్ముడొక్కడే దించలేదు. పెట్టె ఒక మూల పైకి లేచి పక్కకి ఒరిగింది. లోపల ఆమె జరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"ఎత్తండిరా!" అని అరిచాను. "బండిని పొట్టి చేసి దీన్ని చంపుకున్నాం, చాలదా? చచ్చినదాన్ని కూడా వంచుతారా? ఎత్తండి!"

ఆశీర్వాదం భుజానికెత్తుకున్నాడు. వెనకవాళ్ళూ ఎత్తారు. పెట్టె అరుగుల మీది తలలకంటే పైనుంచి, నెమ్మదిగా కదిలింది.

జగన్నాథరావుగారి అరుగు ముందుకి వచ్చేసరికి ఆయన అరుగు మీదే లేచి నిలబడ్డాడు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన్ని చూసి అరుగుల మీద వాళ్ళందరూ లేచారు. పల్లె ఆడకూతురి శవానికి బాబుగారు లేచి నిలబడ్డారని ఊళ్ళో ఈనాటికీ చెప్పుకుంటారు. ఆశీర్వాదం ఆ రోజు కృతజ్ఞతతో బావురుమన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నా చేతులు కూడా దండం పెట్టడానికి లేచాయి.

అప్పుడు తలెత్తి చూశాను. ఆయన కూర్చున్నంతసేపూ పెట్టె ఆయన తలకంటే పైన ఉంది. లేచి నిలబడ్డాక ఆయన గుండెల దాకానే వచ్చింది. నేను చేతులు దించేసుకున్నాను.