మెడకొయ్య

గుల్జార్ బీ నోట్లో మంచిమాటకు కరువు లేదు. పుంగనూరులో ఎవరేమి చూపించినా "బంగారంగా ఉండాది" అనేది. మొగుడు నూర్ అహ్మద్ మాండలిన్లు చేసేవాడు. కొయ్యముక్క తెచ్చి, వేలి కణుపుతో తట్టి "ఎట్లుండాదే?" అంటే, సంగటి కెలుకుతూనే అదే మాట అనేది. ఏడాదిగా మరీ ఎక్కువగా అడుగుతున్నాడు. ఈ వయసులో పొగడ్తల మీద మోజేమిటో అని లోపల నవ్వుకునేది కూడా.

ఆ బేస్తవారం పొద్దున ఆమె చేతిలోంచి ఇత్తడి మూత జారి బండల మీద పడింది. పిల్లి గోడ దూకి పారిపోయింది. అటు తిరిగి కూర్చున్న నూర్ అహ్మద్ మాత్రం ఉలకలేదు. మాండలిన్‌కు తీగలు బిగిస్తూనే ఉన్నాడు.

"ఏమయ్యా!" అని అరిచింది. పలకలేదు. పనిలో పడితే పలకడని ఇన్నాళ్ళూ అనుకుంది. ఎదురుగా ఉంటే పెదాలు చూసి జవాబిస్తున్నాడన్నమాట. ఆయన అడిగింది పొగడ్తలు కాదు, ఆమె చెవిని.

మాండలిన్ పొట్ట సంగతి వేరు. దీన్ని చేయించుకుంటున్న కుప్పం నాటకాల రామచంద్ర బాసింపట్టు వేసుకుని వాయిస్తాడు. సొరకాయలాంటి గుండ్రటి పొట్ట ఒడిలో జారుతుందని, బల్లపరుపు పొట్ట చేశాడు. దానికి కళ్ళు, చేతులు చాలు. తీగలు సాగే మెడకొయ్యకు చెవి కావాలి. ఎండిన కొయ్య తడితే ఖంగుమంటుంది, లోపల తడి ఉంటే మొద్దుగా మోగుతుంది. తడి మెడ తీగల లాగుడుకు కొన్నాళ్ళకే వంగిపోతుంది. పాత కిటికీ టేకు, కొత్త పనస రెండూ తట్టి చూపిస్తే, రెండూ బంగారమే అంది మహాతల్లి. చెక్కడానికి మెత్తగా ఉందని ఆయన పనస పెట్టేశాడు.

మూలనున్న టేకు ముక్క తట్టింది. ఖంగుమంది. మిగిలిన పనస ముక్క తట్టింది. మొద్దుగా మోగింది. తన చెవే తప్పేమోనన్న ఆశతో మళ్ళీ తట్టింది. అదే మోత.

మధ్యాహ్నం బస్సుకు రామచంద్ర వస్తాడు. మెడ పచ్చిదని చెబితే మొగుడు దాచుకున్న గుట్టు రట్టవుతుంది. చెప్పకపోతే నిండు సభలో మాండలిన్ అపస్వరం పలుకుతుంది, ఇక ఆయన చేతి పని ఎవరూ ముట్టరు.

నూర్ అహ్మద్ తీగలు బిగించి, మెడ మీద తట్టి, ఇటు తిరిగాడు. "ఎట్లుండాదే?"

"బంగా..." అని నాలుక కరుచుకుంది. ఎదురుగా వచ్చి కూర్చుంది. "బాగలేదు. మెడ పచ్చిది."

ఆయన మాండలిన్‌ను ఒడిలోకి దించాడు. "ఎప్పుడు తెలిసె?"

"ఇప్పుడే. నాకు యాల సెప్పలేదయ్యా?"

"సెవిటోడి తావ మాండలిన్ ఎవురు కొంటారే?"

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆయన తీగలు విప్పేసి, రంపం అందుకుని, తాను నెలంతా చెక్కిన మెడను కోయసాగాడు. సగంలో రంపం ఆగింది.

"మదనపల్లె అలావుద్దీన్‌కి ఇచ్చినదాని మెడా పనసే. అప్పుడూ నిన్నే అడిగితిని. అదెట్ల మోగె?"

ఏమని చెప్పిందో గుల్జార్ బీకి బాగా గుర్తుంది. కొయ్య ఎలా మోగిందో మాత్రం గుర్తు లేదు. "నేను విన్లేదయ్యా" అంది.

నూర్ అహ్మద్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"బురఖా ఏసుకో. రామచంద్రని కొన్నాళ్ళు ఆగమని సెప్పి, ఆయప్ప దిగిన బస్సే ఎక్కి మదనపల్లె పోదాం. ఆడ నేను తడతా, నువ్వు విను" అన్నాడు. గడప దాటుతూ ఆగి, "ఈతూరి మంచిమాట సెప్పొద్దే" అన్నాడు.