రేకుల దుడ్డు

మా ఆయన పేరు నేను నోటితో చెప్పను. రాయడానికి మాత్రం అభ్యంతరం లేదు. రాజారత్నం శెట్టి. చిత్తూరులో బెల్లం మండీ. ఇల్లు అంటుకుందని కేకేస్తే ముందు చెప్పులు వెతుక్కునే రకం. నాదేమో మిరపకాయ నోరు. మా అత్తగారు మమ్మల్నిద్దరినీ చూసి, "వానికి మాట రాదు, దీనికి మాట ఆగదు, దేవుడు బాగానే తూచినాడు" అనేది.

మండీ సంగతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. రైతు బెల్లం తెచ్చి మండీలో దించి పోతాడు. మండీవాళ్లు అమ్మిపెట్టి, కమీషనూ కూలీ పట్టుకుని, మిగతాది అతని చేతిలో పెడతారు. ఆ పట్టుకునే దాంట్లోనే మూటకింతని 'ధర్మం' కూడా ఉంటుంది. అది నలుగురికీ పనికొచ్చే చోటికి పోవాలి. మా బజారులోని మండీల ధర్మమంతా ఒకచోట చేరుతుంది. దాన్ని పంచే పని మా మామగారి కాలం నుంచీ మా ఇంటిదే. గొప్ప గౌరవమని అనుకునేరు. ఆ గౌరవానికి కాఫీలు కాచి కాచి నా చేతులు అరిగిపోయాయి.

తక్కిన షావుకార్లకు ధర్మమంటే పేరు కనబడాలి. ట్యూబులైటు దానం చేస్తే దాని మీద దాత పేరు, దాత తండ్రి పేరు, దుకాణం పేరు రాయించి, వెలుతురును సగానికి సగం మింగేసేవాళ్లు. మా ఆయన దారి వేరు. దిక్కూ మొక్కూ లేని చిన్న చిన్న చోట్లు వెతుక్కుంటూ పోయేవాడు. అక్కడ ఒక పూట ఊరికే కూర్చుని, వాళ్లు పెట్టింది తిని, వాళ్లు పని చేసుకుంటుంటే చూసి వచ్చేవాడు. నచ్చితే ధర్మం పంపేవాడు. ఏటేటా పంపేవాడు. ఆ తర్వాత ఏం చేశారని ఒక్కనాడు అడగడు. "ఇదేం దానమండీ, బావిలో రాయి వేసినట్టు?" అని నేను సాధిస్తే, "సూసే ఇచ్చినాను గదా, మళ్లా ఏం సూడాల?" అనేవాడు.

అట్లా ఆయన పట్టుకున్న చోట్లలో ఒకటి తిరుచానూరులో సిద్ధమ్మ కొట్టం. సిద్ధమ్మ అమ్మవారి గుడి దగ్గర పూలమ్ముతుంది. అమ్మవారి ఉత్సవాల చివరి రోజు, పంచమి తీర్థం నాడు, తిరుచానూరులో ఇసుక వేస్తే రాలదు. ఆ జనంలో చెయ్యి జారిన ముసలివాళ్లూ పిల్లలూ ఎంతమందో! ఏ దేశం నుంచి వచ్చారో, ఏ భాష మాట్లాడతారో తెలియదు. సిద్ధమ్మా, మరికొందరు పూలమ్మే ఆడవాళ్లూ కలిసి ఒక తాటాకు కొట్టం బాడుగకు తీసుకుని, అలాంటివాళ్లను తెచ్చి పెట్టుకునేవాళ్లు. సొంతవాళ్లు వచ్చేదాకా అన్నం పెట్టేవాళ్లు. వచ్చినవాళ్ల ముందు పూలూ నారా పెట్టి కట్టమనేవాళ్లు. చేతికి పని దొరికితే ఏడుపు నిలుస్తుందని సిద్ధమ్మ చెప్పేది. కొట్టం బాడుగా, బియ్యమూ మా ధర్మంలోంచే పోయేవి. అది ఆగితే కొట్టం మూతపడినట్టే.

డెబ్బై ఎనిమిదిలో, దీపావళి దాటాక, కొట్టం కురుస్తోందని తెలిసి మా ఆయన రేకులకు డబ్బు పంపాడు. ఉత్సవాల రోజుల్లో పనివాళ్లు దొరకరు, తీర్థం కాగానే వేయించుకుంటామని సిద్ధమ్మ కబురు పెట్టింది.

రేకులనేసరికి చెంగల్రాయుడికి ఉత్సాహం వచ్చింది. ఆయనది మా పక్క మండీ. చెడ్డవాడు కాదు, కానీ తన పేరంటే తనకే మహా ముద్దు. 'చిత్తూరు బెల్లం వర్తకుల ధర్మం' అని పెద్దక్షరాలతోనూ, కింద తన పేరు అంతకన్నా పెద్దక్షరాలతోనూ ఒక రేకు బోర్డు రాయించాడు. తీర్థం అయిన కొన్నాళ్లకు టాక్సీ మాట్లాడి, బోర్డును పైన కట్టి, ఇంకో ఇద్దరు వర్తకులతో బయల్దేరాడు. మా ఆయనను పిలిస్తే, "నాకు పనుండాది" అన్నాడు. అమ్మవారిని చూసినట్టూ ఉంటుందని నేను ఎక్కాను. పాకాల దాటేసరికి ముసురు పట్టుకుంది.

పోయి చూస్తే కొట్టానికి రేకులు లేవు. పాత తాటాకే. అది కూడా నడుమ ఇంత బొక్క. తప్పిపోయిన ముసలమ్మలిద్దరూ, ఒక పసిపిల్లా పొడిగా ఉన్న మూల ముడుచుకుని కూర్చున్నారు. తిరుమలమ్మ అనే పూలావిడ గిన్నెలు పెట్టి వాన నీళ్లు పడుతోంది. సిద్ధమ్మ లేదు.

"యాడమ్మా రేకులు?" అని ఉరిమాడు చెంగల్రాయుడు.

"రేకుల దుడ్డు రైలుకైపోయినాది సామీ. తప్పిపోయిన ముసలాయన్ని షోలాపూరు కాడ వాళ్లూర్లో దింపేకి సిద్ధమ్మా వరదమ్మా పోయినారు" అంది తిరుమలమ్మ. అని, టాక్సీ మీద బోర్డు చూసి ముఖం విప్పారి, "ఇదొక్క రేకు తెచ్చినారా? దేవుడల్లే వచ్చినారు" అని పైకి ఎక్కించి బొక్క మీద పరిచేసింది. చెంగల్రాయుడి పేరు ఆకాశానికి కనబడేటట్టు పడింది. కింద పిల్ల మీద చినుకు ఆగింది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. రేకులకిచ్చింది రైలుకు పెట్టడమేమిటి అని నేనూ దారి పొడుగునా సణిగాను.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన "ఊఁ" అన్నాడు. అంతే. చెంగల్రాయుడు మాత్రం అంతటితో వదలలేదు. అమావాస్య నాడు మండీకి సెలవు. ఆ రోజు వర్తకులందరూ మా మండీలో కూర్చోవాలనీ, సిద్ధమ్మ వచ్చి జవాబు చెప్పాలనీ, లేకపోతే కొట్టానికి ధర్మం ఆపాలనీ, అసలు పంచే పనే మా ఇంటి నుంచి తీసెయ్యాలనీ బజారంతా తిరిగి చెప్పాడు.

అమావాస్య నాడు సిద్ధమ్మ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. రైలు ప్రయాణానికి కాళ్లు వాచి ఉన్నాయి. షావుకార్లందరి ముందూ కింద కూర్చోబోతే నేను చాప తెచ్చి వేశాను. మండీ వెనకే మా ఇల్లు, నేను నడిమింటి గడప మీదే కూర్చున్నాను. ఎవరు లేవమన్నా లేచేదాన్ని కాదు.

"రేకులు ఏసినావా లేదా?" అన్నాడు చెంగల్రాయుడు.

"లేదయ్యా."

"ఏమిటికని?"

సిద్ధమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పుకొచ్చింది.

"తీర్థం నాడు ఒక ముసలాయన జరంతో దొరికినాడయ్యా. కొండ మీద గుండు కొట్టించుకోనుండాడు, మీసం గూడా తీసేసినారు. నోట మాట లేదు. నాలుగు దినాలకు ఆయన కొడుకు ఎతుక్కుంటా వచ్చినాడు. పొద్దుగూకినాది. మేమే లాంతరు పట్టి సూపిచ్చినాము. ఆ పిల్లోడు పుట్టినప్పట్నించీ నాయన్ని పెద్ద తలపాగాతో, ఇంత మీసంతో సూసినోడు. గుండు కొట్టించుకున్యాక ఇద్దురూ ఒకరినొకరు సరిగ్గా సూసుకోకనే జనంలో ఇడిపోయినారంట. జరానికి మొగం ఉబ్బిపోయుండాది. సూసి, 'మా నాయన గాదు' అనేసి పాయ. అప్పుడే రైలు కట్ట కాడ ఎవురో దిక్కులేని ముసలాయన పోయింటే కాల్చేసినారంట. గుండు, గంధం, తెల్లపంచ అని ఆనవాలు జెప్పినారంట. ఆయనే మా నాయనని, ఆ బూడిద మూటగట్టుకోని ఊరికి పొయినాడు."

గుండూ గంధమూ తిరుపతిలో ఆనవాళ్లా! వీధిలో రాయి విసిరితే గుండు మీదే పడుతుంది. కానీ పరాయి దేశం పిల్లవాడికి, ఏడుస్తున్నవాడికి ఆ మాట ఎవరు చెబుతారు?

"జరం తగ్గినాక ముసలాయన కొడుకు పేరు జెప్పినాడు, ఊరి పేరు జెప్పినాడు. ఆ పిల్లోడు జెప్పిపోయినవీ అవే. మా వరదమ్మ ఆరెవాళ్ల బిడ్డ, మరాటీ వచ్చు. అప్పుడు తెలిసె. పగలుపూట సూపిచ్చింటే, నాయనా అని ఒక కూత ఎయ్యమనింటే తెలిసిపోను. తప్పు మాదే గదయ్యా. తంతి ఇచ్చినాము, బదులు రాలే. బతికుండే మనిషికి ఆడ దినాలు జేస్తా ఉంటారు. కర్మం అయిపోతే ఆ మనిషి మళ్లా ఇంట్లోకి ఎట్ల పోతాడు? రేకులు యెనక్కైనా ఏసుకుంటాము. ఇది యెనక్కి జేసేది గాదు. చేతిలో ఉండింది ఆ దుడ్డే."

"చేరేసరికి ఏమైంది?" అన్నాను నేను, గడప మీది నుంచే. చెంగల్రాయుడు నావైపు కోపంగా చూశాడు. చూస్తే చూశాడు.

"వాకిట్లో పందిరి ఏసినారమ్మా. కొడుకు మళ్లా గుండు కొట్టించుకోని పిండాల ముందర కూసోనుండాడు. ముసలాయన బండి దిగి, కొడుకు గుండు సూసి, నిలబడిపోయి, 'ఎవురు పోయినార్రా?' అని అడిగినాడు."

మండీ అంతా గొల్లున నవ్వింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుపు వచ్చింది.

"కథ బాగుండాది" అన్నాడు చెంగల్రాయుడు, గొంతు సవరించుకుని. "రుజువేదీ?"

"రుజువు యాడ్నించి తేవాలయ్యా? ఆయన్ని వాళ్లింట్లోనే ఇడిసిపెట్టి వచ్చినాము గదా."

ఆ మాటకు చెంగల్రాయుడు కాస్త తడబడ్డాడు కానీ పట్టు వదల్లేదు. ఇకమీదట నెలనెలా వర్తకులు పోయి చూసి, వాళ్లు చెప్పిన దానికే ఖర్చు పెడితేనే ధర్మం ఇవ్వాలన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. సిద్ధమ్మ తల దించుకుంది. "అడగకుండా ఖర్చు పెట్టినాము, నిజమే. మీరు ఆపేస్తే ఆ ముసలోళ్లను యాడికి పంపేది?" అంది మెల్లగా.

అప్పుడు మా ఆయన లేచాడు. లేచి, చెప్పులు వెతుక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు కూడానా! చెప్పులు వేసుకుని వరండాలోకి పోయి, కుప్పయ్యను లోపలికి పిలుచుకొచ్చాడు. కుప్పయ్య కార్వేటినగరం దగ్గర రైతు. వాళ్ల తాత కాలం నుంచీ చెంగల్రాయుడి మండీకే బెల్లం వేస్తారు. ముందురోజు సరుకు దించి, మర్నాటి అమ్మకం కోసం, రెండు మండీలకూ ఒకటే అయిన ఆ వరండాలో పడుకుని ఉన్నాడు.

"కుప్పయ్యా, మీ బెల్లంలో మేం ధర్మం పట్టుకుంటాము. అది యాడికి పోతాదని ఎప్పుడన్నా అడిగినావా?"

కుప్పయ్య అందరి ముఖాలూ చూశాడు. చివరికి చెంగల్రాయుడి ముఖం చూశాడు.

"లేదు శెట్టిగారూ. అడిగితే మీరు నొచ్చుకుంటారని అడగలేదు."

మా ఆయన గొంతు పెంచలేదు. "ఈ ధర్మం మనది గాదప్పా, ఈయన లాంటోళ్లది. సరుకంతా మన చేతుల్లో పోసి, మనం ఇచ్చింది తీసుకోని పోతాండారు. మనం నొచ్చుకుంటామని అడిగేకి గూడా జంకుతాండారు. ఆయన దుడ్డు మన చేతిలో పెట్టుకోని, రుజువు తెమ్మని ఈమెను అడుగుతాండాము. నెలనెలా లెక్క సూడాలంటే సూస్తాము. ముందు రైతులను పిలిచి మన కాటాలు సూపిస్తాము. అది జేసినాక తిరుచానూరు పోదాము."

చెంగల్రాయుడు పక్కకు జరిగి చోటు చేశాడు. తర్వాత కుప్పయ్యను చూసి, "కూసో కుప్పయ్యా, నిలబడే ఉండావే" అన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "రేకులకు మళ్లా పంపించన్నా. ఎప్పుటి మాదిరే జరగనీ" అన్నాడు. చెంగల్రాయుడి మీద నాకున్న చిరాకు ఆ క్షణాన సగం పోయింది. అంతమందిలో తగ్గడం మాటలు కాదు.

సిద్ధమ్మ మొక్కడానికి వంగబోతే మా ఆయన వెనక్కి జరిగిపోయాడు. ఆమెకు నేను అన్నం పెట్టి, బస్సు ఎక్కించి వచ్చాను.

తర్వాత ఆయనకు వడ్డించాను. చాలా రోజులకు ఆకలిగా తిన్నాడు. అడక్కుండా ఉండలేకపోయాను.

"నిజం చెప్పండి. మేము బోర్డు తీసుకుపోయి వచ్చి చెప్పినప్పుడు, ఆమె మీద మీకు అనుమానమే రాలేదా?"

"ఎందుకు రాలే? వచ్చినాది. ఇన్నాళ్లూ అన్నం గొంతు దిగలే."

"మరి ఒక్క మాట కనుక్కోకపోయారా? కబురు పెడితే ఆమే చెప్పేది."

ముద్ద కలుపుతూ ఆగాడు. "అనుమానం నాకొచ్చింది జ్ఞానాంబా. నాకొచ్చింది నేను మోసుకోవాల. పోయి ఆమె నెత్తిన పెడితే, ఇంకో ముసలాయన దొరికినప్పుడు ఆమె మొదట నా మొగం తల్సుకుంటాది, ఆ తర్వాతే రైలు తల్సుకుంటాది."

ఇంకొంచెం మజ్జిగ పోయమని గ్లాసు జరిపాడు. మొగుణ్ణి చూసి మురిసిపోవడం నాకు అలవాటు లేదు. ఆ పూట మురిసిపోయాను. ఆయనకు కనబడనివ్వకుండా, మజ్జిగ కుండ కోసమని లోపలికి పోయి కాసేపు అక్కడే నిలబడ్డాను.