సూర్యకాంతమ్మకి నచ్చిన ఆట

పొద్దున్నే నాగవల్లి పెరట్లో పంపు పక్కనున్న మంచుకుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అందులో దాచిన బొమ్మిడాయి చేపల గిన్నె బయటికి లాగింది. చెయ్యి జివ్వుమంది. "ఏం మంచో ఏంటో గానీ, మన ఫ్రిజ్ కంటే వెయ్యి రెట్లు నయం," అనుకుంటూ కొంగుకి తుడుచుకుంది. ఆ మంచు ఎండాకాలం నుంచీ అక్కడే ఉంది. మండపేట ఎండలకీ, గోడ అవతల రైస్ మిల్లు బాయిలర్ సెగకీ గుప్పెడు కూడా కరగలేదు. కరగదు మరి, అది ఆటలోంచి వచ్చిన మంచు.

రామకృష్ణ గారింట్లో ఇదంతా మామూలే. ఆయన ఆ మిల్లులోనే గుమాస్తా. ఒక్కతే కూతురు హారతి. అదే మిల్లులో కంప్యూటర్ దగ్గర పని చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, టీవీ ముందు కూర్చుని వీడియో గేములు ఆడుతుంది. ఆ ఇంట్లో ఏ ఆట ఆడినా అందులోంచి ఏదో ఒకటి బయటికొచ్చి ఇంట్లో ఉండిపోతుంది. మంచుకొండ ఎక్కే ఆటకి ఈ కుప్ప పడింది. కార్ల పందెం ఆటకి డాబా మీద నున్నటి తారురోడ్డు ముక్క వచ్చింది, నాగవల్లి దాని మీద వడియాలు పెట్టుకుంటోంది. డిటెక్టివ్ ఆట పుణ్యమా అని గేటు దగ్గర ఓ వీధి దీపం వెలిసింది. దాని కింద మాత్రం రాత్రీ పగలూ సన్నటి తుంపర. పాలు పోసే సత్తియ్య అక్కడ గొడుగు విప్పి, పాలు పోసి, గొడుగు ముడుచుకుని వెళ్లిపోతాడు. ఈ వానేంటండీ అని ఒక్కరోజూ అడగలేదు. ఎవరింటి ఇబ్బందులు వాళ్లకుంటాయి, అడగడానికేముంది?

అయితే ఇదంతా ఏడాది ముచ్చటే. డిసెంబర్ ముప్పయ్యొకటిన, ఇంట్లో దీపం పెట్టాక, హారతి ఫోను స్టాండుకి తగిలించి "ఈ ఏడాది నాకు నచ్చిన ఆటలు" అని వీడియో చేస్తుంది. ఐదో స్థానం నుంచి మొదలెట్టి ఒకటో స్థానం దాకా వస్తుంది. చూసేవాళ్లు పెద్దగా ఉండరు, కానీ ఇంట్లోవాళ్లు మాత్రం చెవులు రిక్కించి వింటారు. ఎందుకంటే ఒకటో స్థానంలో చెప్పిన ఆట తాలూకుది ఇంట్లో ఉండిపోతుంది, మిగతావన్నీ తెల్లారేసరికి పోతాయి. గేటు ముందు మురిక్కాలవ మీదున్న చెక్క వంతెన అలా మిగిలిందే. మున్సిపాలిటీ వాళ్లు దాని మీదుగానే వచ్చి ఇంటి పన్ను పట్టుకెళ్తారు. డాబా మెట్ల కింద పడుకునే నక్క కూడా అలా మిగిలిందే. దానికి పెరుగన్నం అలవాటైంది.

ఒక్కటే షరతు, ఆట నిజంగా నచ్చి ఉండాలి. ఒక ఏడాది తల్లి పోరు పడలేక మల్లెతోట వచ్చిన ఆటని ఒకటో స్థానంలో పెట్టింది హారతి. తెల్లారేసరికి తోటా లేదు, ఆమెకి నిజంగా నచ్చిన ఆటలోంచి వచ్చిన గోడగడియారమూ లేదు. అప్పట్నుంచీ నాగవల్లి ఏమీ అడగదు. అంటే నోటితో అడగదు. మంచు సంగతి కళ్లతో అడుగుతూనే ఉంది.

ఇక సూర్యకాంతమ్మ గారు. రామకృష్ణకి అక్క. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. కాలవ నీళ్లకి వంతు పెట్టుకున్నట్టు తమ్ముళ్లిద్దరూ ఆవిడకి వంతు పెట్టుకున్నారు. ఓ ఏడాది మండపేటలో రామకృష్ణ దగ్గర, ఓ ఏడాది భీమవరంలో చిన్నతమ్ముడు అచ్చిబాబు దగ్గర. జనవరి ఒకటిన వంతు మారుతుంది. అక్కని చూసుకోలేక పెట్టుకున్న వంతు కాదండోయ్, అక్క మా ఇంట్లో ఉండాలంటే మా ఇంట్లో ఉండాలని పోట్లాడుకుని పెట్టుకున్న వంతు. ఆవిణ్ణి అడిగారు కూడా. "నాదేముందిరా, మీ ఇష్టం," అంది.

ఆ మాట ఆవిడకి ఊతపదం. పెళ్లిచూపులయ్యాక తండ్రి అడిగితే "మీ ఇష్టం నాన్నా" అంది. చీరల కొట్లో మరదళ్లు ఏరుకోగా మిగిలింది కట్టుకుంది. ఎంత మంచిదో మా సూర్యకాంతం అని ఊరూవాడా మెచ్చుకున్నారు. అందరూ అలా మెచ్చుకోవడం మొదలెట్టాక మధ్యలో మానడం ఎలా? అచ్చిబాబుకి రొయ్యల చెరువులున్నాయి. అక్కకి రొయ్యలంటే ప్రాణమని వాడి నమ్మకం. వాడి వంతు ఏడాదంతా ఇగురూ, వేపుడూ, పులావూను. ఆవిడకేమో రొయ్య తగిలితే చాలు, వీపంతా దురద. గోడకి వీపు రుద్దుకుంటూనే "బాగుందిరా" అంటుంది.

వినాయక చవితి వానల్లో, చవగ్గా వస్తోందని హారతి ఓ పడవాట కొంది. రేవులో జనం నిలబడి ఉంటారు. వాళ్లని పడవెక్కించుకుని, వేలు పెట్టి చూపించిన చోట దింపాలి. యుద్ధాల్లేవు, గెలుపోటముల్లేవు. అరగంట ఆడి, "ఏముందిందులో, ఎక్కించడం దింపడం, బోరు," అని రిమోట్ సోఫాలో పడేసి స్నానానికి పోయింది పిల్ల. టీవీలో ఓ ముసలాయన మేకని పట్టుకుని రేవులో వానకి తడుస్తూ నిలబడే ఉన్నాడు. సూర్యకాంతమ్మ చిక్కుళ్ల ఈనెలు తీస్తూ కాసేపు ఓర్చుకుంది. "అయ్యో రాత, ఎంతసేపని నిలబడతాడమ్మా," అని పళ్లెం పక్కనపెట్టి రిమోట్ చేతిలోకి తీసుకుంది.

ఇక వదిలిందా! చిన్నప్పుడు గోదావరి మధ్య లంకలో పెరిగి, రోజూ పడవ మీద బడికెళ్లిన మనిషి. పడవ ఏ కెరటానికి ఎటు ఊగుతుందో ఆవిడకొకరు చెప్పాలా? రిమోట్‌కి 'తెడ్డు' అని పేరు పెట్టింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దగానే "ఏదీ నా తెడ్డు?" అని వెతుక్కునేది. రెండు మూడు రోజులకి పెరట్లో బట్టలుతికే బండ వెనక రాతిమెట్ల రేవొకటి వచ్చింది, మెట్ల కింద చల్లటి ఏటినీళ్లు. పొద్దువాలాక ఆవిడ అక్కడ నీళ్లలో కాళ్లు పెట్టుక్కూర్చునేది. మోకాళ్ల నొప్పులు ఎటుపోయాయో పోయాయి. హాయిగా ఉండేది ఆవిడకి. ఆ హాయి చూసి ఆవిడే కాస్త సిగ్గుపడేది.

ఆ ఆటలో ఆవిణ్ణి ఆశ్చర్యపరిచింది ఏరు కాదు, జనం. పడవెక్కిన ప్రతివాళ్లూ ఠక్కున వేలెత్తి అదిగో అక్కడికి అని చూపిస్తారు. మేక ముసలాయనా చూపిస్తాడు, కొత్త పెళ్లికూతురూ చూపిస్తుంది, చంకలో చంటిపిల్ల కూడా చూపిస్తుంది. ఒక్కళ్లంటే ఒక్కళ్లు 'మీ ఇష్టం' అనరు. అలా అంటే పడవ ఎటు పోవాలి?

డిసెంబర్ వచ్చింది. నాగవల్లి వదినగారి చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దడం మొదలెట్టింది. ఆ పెట్టె కనపడినప్పుడల్లా సూర్యకాంతమ్మ లేచి రేవులోకి వెళ్లి కూర్చునేది. ఓ సాయంత్రం హారతి వచ్చి రేవులో ఆవిడ పక్కన కూర్చుంది.

"అత్తా, ఈ ఆట నీకు నచ్చింది కదూ?"

"నాదేముందే. నీ టీవీ, నీ ఇష్టం."

"ఇదిగో, ఈ మాటే వద్దనేది. ముప్పయ్యొకటిన నేను దీని పేరు చెప్పలేనత్తా. నాకు నచ్చలేదు. నచ్చిందని అబద్ధమాడితే ఏమవుతుందో నీకు తెలుసుగా."

"తెలుసమ్మా. పోతే పోతుందిలే." అనైతే అంది గానీ నీళ్లలోంచి కాళ్లు తియ్యలేదు.

"ఎందుకు పోవాలి? ఆడింది నువ్వు. నీకు నచ్చిందని నువ్వు చెప్పు. ఆడినవాళ్లెవరు చెప్పినా ఉంటుంది."

"మర్నాడు నేను భీమవరం పోయేదాన్నే కదే! నేను లేని ఇంట్లో ఈ రేవెందుకు? మీ అమ్మ బట్టలుతుక్కోవడానికా?"

"అది కూడా నువ్వే చెప్పాలి," అని హారతి లేచి వెళ్లిపోయింది. ఈ కాలం పిల్లలు సగం చెప్పి పోతారు, మిగతా సగం పెద్దవాళ్లు కూర్చుని నమలాలి. సూర్యకాంతమ్మ చీకటిపడేదాకా నమిలింది. 'ఆట నచ్చింది' అంటే రేవుంటుంది. రేవుండి తను లేకపోతే ఏం లాభం? తను ఉండాలంటే వంతు తప్పాలి. వంతు తప్పితే అచ్చిబాబు మొహం చిన్నబోతుంది. తల్లి పోయాక తన చేత్తో అన్నం పెట్టి పెంచిన తమ్ముడు. ఎలా అంటుందా మాట?

ముప్పయ్యొకటి సాయంత్రం అచ్చిబాబు కారేసుకుని రానే వచ్చాడు. తుంపరలో తల తడుపుకుంటూ, రెండు చేతులా రొయ్యల పెట్టె మోసుకొచ్చి మంచులో కూరేశాడు. "రేపు పొద్దున్నే బయల్దేరిపోదాం అక్కా. ఇంటికెళ్లగానే ఇగురు!" అన్నాడు నవ్వుతూ. సూర్యకాంతమ్మ కూడా నవ్వింది. వీపు అప్పుడే దురదెట్టింది.

దీపం పెట్టారు. పెరటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. హారతి ఫోను స్టాండుకి తగిలించి మొదలెట్టింది. ఐదు, నాలుగు, మూడు. కార్ల పందెం నాలుగులో పోయింది. మంచుకొండ రెండో స్థానం అనగానే నాగవల్లి "హయ్యో!" అని నోటి మీద చెయ్యేసుకుంది.

"ఒకటో స్థానం డిటెక్టివ్ ఆట. దొంగ ఎవరో తెలిశాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు. అందుకే అదే మొదటిది."

"ఆ వాన ఉప్పుకా పప్పుకా?" అని గొణిగింది నాగవల్లి.

హారతి ఫోను అత్త వైపు తిప్పింది. "మా ఇంట్లో ఈ ఏడాది ఇంకో ప్లేయర్ కూడా ఉన్నారండీ. మా అత్తయ్య. అత్తా, నీకు నచ్చిన ఆటేంటి?"

సూర్యకాంతమ్మ రేవు వైపు చూసింది. బండ వెనక నీళ్లు మెట్టు మీంచి మెట్టు దిగిపోవడం అందరికీ కనిపిస్తూనే ఉంది. పై మెట్లు అప్పుడే ఆరిపోయాయి.

"మీ..." అంది ఆవిడ.

తర్వాతేమొస్తుందో అందరికీ తెలుసు. రామకృష్ణ తల కూడా ఊపేశాడు. నీళ్లు ఆఖరి మెట్టు కిందికి జారాయి. పాపం ఆ మేక ముసలాయన, ఇంక అతన్ని ఎవరు దింపుతారు?

"మీరుండండి, నేను చెప్తా," అందావిడ గబగబా. "నాకు పడవాట ఇష్టం. చాలా ఇష్టం."

గుప్పుమని ఏటిగాలి కొట్టింది. నీళ్లు చకచకా మెట్లెక్కి బండని తడిపేశాయి.

"ఎందుకు నచ్చిందో కూడా చెప్పాలత్తా," అంది హారతి, కళ్లు తుడుచుకుంటూ.

"ఎందుకా? అందులో ఎవడూ ఎవణ్ణీ నరకడు. మనం తెడ్డెయ్యకపోతే వాళ్లక్కడే నిలబడి ఉంటారు, మన కోసం. నది మధ్యలో ఆగి ఊరికే కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఆ పెళ్లికూతురు మొదటిసారి అత్తారింటి వైపు చూపించిందా, నాలుగోసారి పుట్టింటి వైపు చూపించింది. మంచిపని చేసిందమ్మా అనుకుని గబగబా తెడ్డేశాను." ఇన్ని మాటలు ఆవిడ నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నక్క కూడా డాబా మెట్ల కింద నుంచి తల బయటపెట్టింది.

"భలే చెప్పావక్కా!" అన్నాడు అచ్చిబాబు. "మా ఇంట్లో కూడా పెద్ద టీవీ ఉందిగా, అక్కడా ఆడుకుందువుగాని. రేపు పొద్దున్న..."

సూర్యకాంతమ్మ చెయ్యి లేచింది. పడవెక్కిన వాళ్లలాగే చూపుడువేలు చాచి, తను కూర్చున్న అరుగు చూపించింది.

"ఇక్కడ. నన్నిక్కడ దించెయ్యరా అచ్చీ. నాకిక్కడే ఉండాలనుంది. వంతులు పడలేను. నువ్వంటే ప్రాణమేరా, చూడాలనిపిస్తే నేనే వస్తా. రెండ్రోజులుండి నా ఇంటికి నేనొచ్చేస్తా."

అచ్చిబాబు మొహం నిజంగానే చిన్నబోయింది. "నేనేం తక్కువ చేశానక్కా? రోజూ రొయ్యలు..."

"అవి నాకు పడవురా!"

"ఆఁ?"

"ఎప్పుడూ పడలేదు. తింటే ఒళ్లంతా దద్దుర్లు."

అచ్చిబాబు అక్క వైపు, మంచులో పెట్టె వైపు, మళ్లీ అక్క వైపు చూశాడు. "మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంటే?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"నువ్వడుగుతూనే ఉన్నావులే. నేనే చెప్పలేదు. తప్పు నాదే." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. నాగవల్లి మెల్లగా లోపలికెళ్లి, సర్దిన పెట్టె విప్పి చీరలన్నీ మళ్లీ బీరువాలో పెట్టడం మొదలెట్టింది. వదినగారికి ఏ అర ఇష్టమో ఎప్పుడూ అడగలేదని అప్పుడు తోచింది ఆమెకి.

మర్నాడు పొద్దున్న సత్తియ్య మామూలుగానే గొడుగేసుకుని పాలు పోశాడు. మంచు లేదు. పెరట్లో నాగవల్లి విసుక్కుంటూ రొయ్యలు వలుస్తోంది, రామకృష్ణ సాయం పట్టాడు. బండ వెనక రేవులో అచ్చిబాబు ప్యాంటు మడిచి నీళ్లలో కాళ్లు పెట్టుక్కూర్చున్నాడు.

"సరేనక్కా. రొయ్యలు కావు. మరి నీకేమేం ఇష్టమో ఇప్పుడైనా చెప్పు."

"ఆగరా, తొందరేంటి," అంది సూర్యకాంతమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పక్కన కూర్చుంటూ. "ఐదో స్థానం నుంచి మొదలెడతా."