నూకరాజు వసారాలో నేను ఒరిగిన మధ్యాహ్నం

నేను ఒక కారు ఇంజన్ని. నాలుగు సిలిండర్లు, ఒక్క మనిషి ఎత్తలేని బరువు. నా మొదటి యజమాని ఒక కాలేజీ లెక్చరరు. కారు ఇంటికి తెచ్చిన రోజున నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించి, ఇక ఏ అపాయమూ రాదని నిశ్చింతగా ఉన్నాడు. ఆరో ఏట హైవే మీద వెనక నుంచి లారీ గుద్దింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. నాకు మాత్రం గీత కూడా పడలేదు. పాత సామాన్ల యార్డులో నన్ను చూసినవాళ్లంతా అదృష్టమంటే నాదేనన్నారు.

నన్ను కొన్న నూకరాజుది తుని. ముప్ఫై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసినవాడు. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలు వరహాలు అతని దగ్గరే ఉండేది. ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు కాకినాడ వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. తిరుగు బస్సులో ఆమె రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాక, అతనొక పాత కారు తెచ్చాడు. దాని ఇంజను అరిగి అరిగి, ఒక సోమవారం అన్నవరం దాటాక పొగ కక్కి ఆగిపోయింది. ఆ రోజు ఆసుపత్రికి చేరలేదు. మర్నాటికి వరహాలు మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడక గోడకు చేరబడి కూర్చుంది.

బుధవారం ఎవరినో బతిమాలి వాళ్ల బండిలో తీసుకెళ్లాడు. ప్రతిసారీ బతిమాలలేడు. షెడ్డులో ఇస్తే పది రోజులు పడుతుందన్నారు. అందుకే వసారా ఇనుప దూలానికి గొలుసు కప్పీ కట్టి, ఇంట్లోనే నన్ను బిగించడానికి పూనుకున్నాడు.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా వరహాలు ఎడమచేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు ఆనిస్తే జుమ్మని అదురుతుంది. ఆ అదురున్నంత కాలమే ఆ చెయ్యి పనికొస్తుంది. దాంతో నీళ్ల చెంబు కూడా ఎత్తొద్దని డాక్టర్లు చెప్పారు. రోజూ లేవగానే ఆమె మొదట అక్కడే తడుముకునేది.

గురువారం మధ్యాహ్నం నన్ను గాలిలోకి లేపి, కారు మీదికి తెచ్చి, సగం దించారు. సాయం వచ్చిన పొరుగాయన భోజనానికి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగమని వరహాలు చెప్పింది. నూకరాజు ఆగలేదు. గేరుబాక్సుకు నన్ను జత చేయాలని కుడిచెయ్యి కిందికి పోనిచ్చాడు. నాకు కట్టిన తాడు జారింది. నేను ఒక పక్కకు ఒరిగాను. అతని అరచెయ్యి నా కింద ఇరుక్కుపోయింది.

పొరుగాయన్ని పిలవమన్నాడు. వరహాలు వీధి వైపు ఒక్కసారి చూసి, వచ్చి గొలుసు పట్టుకుంది. ఒక చేత్తో లాగితే నేను కదల్లేదు. రెండు చేతులూ వేసింది. వద్దని అతను అంటూనే ఉన్నాడు. గొలుసును మూర మూరగా లాగి నన్ను బెత్తెడు పైకి లేపింది. అతని చెయ్యి బయటికి వచ్చింది. తోలు చీరుకుపోయింది కానీ ఎముక విరగలేదు.

పొరుగాయన తిరిగొచ్చాక, సాయంత్రానికి నన్ను బిగించడం పూర్తయింది. తాళం తిప్పగానే స్టార్టయ్యాను. పొరుగాయన మెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కాకినాడ ప్రయాణం. వరహాలు గుమ్మంలో ఆగి చేతిని తడుముకుంది. మళ్లీ తడుముకుంది.

"అన్నియ్యా, సెయ్యి పలకట్లేదు," అంది.

నాళంలో రక్తం గడ్డకట్టిందని ఆసుపత్రిలో అన్నారు. బాగుచేయలేక, డయాలసిస్ కోసం మెడకు గొట్టం వేశారు. తిరిగి వస్తుంటే, స్టీరింగు మీద కట్టుకట్టిన తన చెయ్యి చూసుకుంటూ, నీకెవరు లాగమన్నారని అడిగాడు నూకరాజు.

"నీ సెయ్యి పోతే నన్ను కాకినాడ ఎవలు తీసుకెల్తారు?" అంది ఆమె.

తొమ్మిది సార్లు తీసుకెళ్లాను. దారిలో ఒక్కసారీ ఆగలేదు. గొట్టం దగ్గర చీము పట్టింది. పదోసారి వెళ్లేటప్పుడు వెనక సీట్లో దుప్పటి కప్పుకుని వణుకుతూ కూర్చుంది. ఆమె లేకుండా తిరిగి వచ్చాం.

రెండు నెలలకు కారు అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చినాయన బానెట్ ఎత్తించి, ఇంజను ఎలాంటిదని అడిగాడు. నూకరాజు నా వంక చూశాడు.

"దాని తప్పేం లేదండి," అన్నాడు.

తాళం చెయ్యి కుడిచేత్తో అందించాడు. ఐదు వేళ్లూ చక్కగా వంగుతున్నాయి. కొన్నాయన కరచాలనానికి చెయ్యి చాచాడు. నూకరాజు తన చేతిని తువ్వాలులో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.