గడ్డిపోచ మునగని చారు

ఊక పొయ్యిలో మంట రేగకూడదు, ఆరకూడదు. రేగితే ఉలవలు అడుగంటుతాయి, ఆరితే అలుగుతాయి. ఆ రెండింటికీ నడుమ సన్నగా, నిద్రపోయే పిల్లి గురకలాంటి చప్పుడొకటి వస్తూ ఉండాలి. సత్తియ్య ఆ చప్పుడుకి చెవి ఒగ్గి, గుంజుతున్న ఎడమ చేతిని కుడిచేత్తో పిసుక్కుని, పొయ్యి నోట్లోకి ఇంకో గుప్పెడు ఊక విదిల్చాడు. కోడికూతతో ఎక్కించిన కుండ. ఇప్పుడు ఎండ పాక చూరు దిగి గాడి దాకా వచ్చింది. గాడి దగ్గర ఎద్దులు లేవు. వాటి పలుపుతాళ్ళు మాత్రం రాటకి వేలాడుతున్నాయి.

అతని అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. రేషన్ కార్డులో చోటు చాలక గుమస్తా 'వీరవెంకట' దగ్గరే కలం ఎత్తేశాడు. మిగిలిన సగాన్ని ఊరు అరగదీసి సత్తియ్యని చేసింది. ఇంత మనిషికి అంత పేరు మోయడం కష్టమని దేవుడే బరువు తగ్గించాడనేవారు. నిజమే, పొట్టి మనిషి. కుండలోకి వంగి వంగి, నిటారుగా నిలబడ్డా వంగినట్టే ఉండేవాడు. పొగకి కనురెప్పల వెంట్రుకలు ఏనాడో రాలిపోయాయి. మోచేతుల దాకా కాలిన మచ్చలు ఉలవలు చల్లినట్టుంటాయి. ఒంటినీ తుండుగుడ్డనీ ఎన్ని కాలవల్లో ఉతికినా ఊక వాసన పోయేది కాదు.

భీమవరానికి ఆరు మైళ్ళ దూరాన, పెద్దిరాజు గారి పశువుల పాకలో, నలభై యేళ్ళుగా అతను చేసిన పని ఒకటే. ఎద్దులకి ఉలవలు ఉడకబెట్టడం. గుగ్గిళ్ళు ఎద్దులకి పోయేవి. వార్చిన కట్టు మళ్ళీ పొయ్యెక్కి, మరిగి మరిగి, నాలుగు బిందెలది ఒక బిందె అయ్యాక పెరటి గుమ్మం దాటి లోపలికి పోయేది. అక్కడ పెద్దిరాజు గారి భార్య సూర్యకళమ్మ గారు చింతపండు పులుసు పోసి, తాలింపు పెట్టి, పైన వెన్నముద్ద వేసి వడ్డించేవారు. ఆ చారు కోసం చుట్టాలు పని కల్పించుకుని వచ్చేవారు.

సత్తియ్యకి మాత్రం ఇంత అన్నం, ఎద్దుల వాటాలోంచి రెండు గుప్పిళ్ళ గుగ్గిళ్ళు. సారమంతా చారులోకి దిగిపోయిన గింజలు. అతనికి చారు పొయ్యొద్దని ఎవరూ అనలేదు. పొయ్యాలని ఎవరికీ తోచలేదు. పొయ్యి దగ్గరివాడు నాలిక మీద వేసుకుంటే కుండంతా ఎంగిలని పెద్దిరాజు గారి తల్లి పెట్టిన కట్టడి ఒకటుండేది. ఆవిడ పోయి ఇరవై యేళ్ళయినా కట్టడి పోలేదు. సత్తియ్య వేలు కాలినా నోట్లో పెట్టుకునేవాడు కాదు, తుండుగుడ్డకి తుడుచుకునేవాడు.

మరి చారు అయ్యిందని ఎలా తెలిసేదంటే, పాక కప్పులోంచి ఒక గడ్డిపోచ లాగి, కుండలో ముంచి, చల్లారిన బూడిద మీద ఒక్క చుక్క వదిలేవాడు. చుక్క ఇంకిపోతే ఇంకా కాలేదని. నల్లపూసలా నిలబడితే దించెయ్యడమే.

ఇంత మనిషీ టీ కొట్టు దగ్గర మాత్రం ఏనుగంత అయ్యేవాడు.

"రుచి ఎలా ఉంటదేంటండీ! రాజమండ్రి వియ్యంకుడు గారు తిని, చెయ్యి కడుక్కోడం మర్చిపోయి రైలెక్కేశారు. నిడదవోలు దాటేసరికి పెట్టెలో జనం కిటికీ మానేసి ఆయన చెయ్యే చూస్తన్నారంట. గోదారి వంతెన మీద బండి ఆగిపోయిందండి. డ్రైవరు దిగొచ్చి, ఆ చెయ్యి ఓసారి వాసన చూపిస్తే గానీ కదలనన్నాడంట. ఆయ్! మీగడ కట్టాక గడ్డిపోచ పడ్డా మునగదండి నా చారు మీద."

భార్య లోవలక్ష్మి దగ్గరా అదే వరస. కొత్తకాపురంలో ఆవిడ చారు రుచి ఎలా ఉంటుందని ఆశగా అడిగింది. "తియ్యగా మొదలై, పుల్లగా మలుపు తిరిగి, చివర్న కారంగా కూచుంటదే" అన్నాడు. ఆ మాట ఎక్కణ్ణించి ఊడిపడిందో అతనికే తెలియదు. అన్నాక ఇక వెనక్కి తీసుకోలేదు.

పొలాలు చేపల చెరువులయ్యాయి. చెరువుని దున్నే ఎద్దు ఇంకా పుట్టలేదు గనక కిందటి నెల ఉన్న జతనీ అమ్మేశారు. సోమవారం పాక పీకి చేపల మేతకి గోడౌను కడతారు. పాకతోబాటు సత్తియ్య ఏమవుతాడన్నది ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాడు మురళీకృష్ణ ఒక్కడే. భీమవరంలో పెళ్ళిళ్ళకి వంటలు చేయించే కుర్రవాడు. ఇవాళ వచ్చి చారు చూస్తానని, నచ్చితే ముసలాయన్ని తనతో పెట్టుకుంటానని, రెండు పూటలా భోజనం, మొగుడూపెళ్ళాలకి ఒక గది అని కబురు పెట్టాడు.

"గదంటే తలుపుంటదా?" అంది పొద్దున లోవలక్ష్మి, రొయ్యలు వలిచే షెడ్డుకి బయల్దేరుతూ.

"తలుపు లేకపోతే దాన్ని పాకంటారే, పిచ్చిమొహమా."

మురళీకృష్ణ కబురుతోబాటు ఒక అట్టపెట్టె కూడా పంపాడు. అందులో కరెంటు కుండ ఉంది. స్లో కుక్కరట. ఉలవలూ నీళ్ళూ పోసి, మీట నొక్కి పడుకుంటే తెల్లారేసరికి అదే ఉడికిపోతుందట.

"సత్తియ్యా, ఇంకా అవలేదా? లోపల దానిది పొద్దున్నే అయిపోయింది" అన్నారు సూర్యకళమ్మ గారు పెరటి గుమ్మంలోంచి.

"పొగ తగలని ఉలవ ఉలవేనా అమ్మగారూ? అది జొరమొచ్చినోళ్ళకి పోసే కట్టండి."

మధ్యాహ్నం మూడింటికి చుక్క బూడిద మీద పూసలా నిలబడింది. కుండ దించేటప్పుడు ఎడమ చెయ్యి మాట వినలేదు. మోకాలు ఆనించి దించాడు.

మురళీకృష్ణ మోటారు సైకిలు మీద వచ్చాడు. అరుగు మీద పడక్కుర్చీలో పెద్దిరాజు గారు, కింద సత్తియ్య. సూర్యకళమ్మ గారు గరిటె చేత పట్టుకునే, పళ్ళెంలో రెండు స్టీలు గ్లాసులు తెచ్చి పెట్టారు.

"రెంటికీ అమ్మగారి తాలింపే మాస్టారూ. ఒకటి మీది, ఒకటి కరెంటుది. మీది ఏదో చెప్పండి చాలు, రేపే బండి పంపిస్తాను" అన్నాడు మురళీకృష్ణ.

"వాడినా అడుగుతున్నావ్? కన్నతల్లి బిడ్డని ఆనవాలు పట్టదా? ఒరే సత్తిగా, కానియ్" అన్నారు పెద్దిరాజు గారు.

'నేనెప్పుడూ తాగలేదండి' అనేస్తే సరిపోయేది. నాలుగు మాటలైనా లేవు. కానీ వాటికి అడ్డంగా నలభై యేళ్ళ కోతలు కూచున్నాయి, గోదారి వంతెనా, ఆగిన రైలూ, లోవలక్ష్మితో అన్న మాటా. సత్తియ్య తుండుగుడ్డ నడుముకి చుట్టి గ్లాసు అందుకున్నాడు.

మొదటిది నాలిక మీద పడగానే కళ్ళు మూతలు పడ్డాయి. తియ్యగా మొదలైంది. పుల్లగా తిరిగింది. చివర్న కారంగా కూచుంది. తను అల్లిన అబద్ధం అక్షరం పొల్లుపోకుండా గొంతులోకి దిగింది.

రెండోది చిక్కగా ఉంది. వెనకాల ఒక చేదు. పొగ, ఊక, కాలిన మట్టి. ఇదేం వాసన? తన తుండుగుడ్డ వాసన. తన పాక వాసన. ఇంత మంది పెద్దలు లొట్టలు వేసుకుంటూ తిన్నది తన ఒంటి వాసనేనంటే ఎలా నమ్మడం?

"ఇదండి నాది" అని మొదటి గ్లాసు ఎత్తి చూపించాడు.

మురళీకృష్ణ పకపకా నవ్వాడు. "అది కరెంటుది మాస్టారూ!"

పెద్దిరాజు గారు పడక్కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. "ఓరి నీ అసాధ్యం కూలా! నీ బిడ్డని పక్కింటికి దత్తతిచ్చావు గదరా!"

"కాచినాయనకే తేడా తెలీకపోతే తినేవాళ్ళకేం తెలుస్తుందండీ? నాలుగు కుక్కర్లు పడేస్తే సరిపోద్ది" అన్నాడు మురళీకృష్ణ, ఇంకా నవ్వుతూనే, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ.

"సత్తియ్యా, నువ్వెప్పుడైనా..." అని మొదలుపెట్టిన సూర్యకళమ్మ గారు సగంలో ఆగిపోయారు.

"ముసలి నాలికండి. చచ్చిపోయింది" అన్నాడు సత్తియ్య. అందరితో పాటు తనూ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చేతిలో ఉన్న గరిటె కేసి కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

పాకలో పొయ్యి ఇంకా గురక పెడుతోంది. సత్తియ్య ఊక బయటికి లాగి, మీద బూడిద కప్పాడు. ఖాళీ కుండ అంచున కొంచెం చారు గట్టకట్టి ఉంది. చూపుడువేలితో గీకాడు. వేలు నోటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. అలవాటు ప్రకారం తుండుగుడ్డకి తుడిచేసుకుని, ఎద్దులు కట్టే రాటకి వీపు ఆనించి కూచున్నాడు. చెయ్యి నొప్పి దవడ దాకా పాకింది. కాసేపు కళ్ళు మూసుకుంటే అదే సర్దుకుంటుందనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సూర్యకళమ్మ గారు పెరటి గుమ్మం దాటి పాకలోకి వచ్చారు. కాపురానికి వచ్చాక ఆవిడ అక్కడ కాలు పెట్టడం అదే మొదలు. చేతిలో గ్లాసు ఉంది.

"ఇదిగో, ఇది నువ్వు కాచిందే. వెన్న వేశాను, తాగు."

పలకలేదు.

"అలిగావా? రాజు గారి నవ్వు నీకు కొత్తా?" అంటూ గ్లాసు అతని పక్కన నేల మీద పెట్టారు. వంగినప్పుడు చూశారు, సగం తెరిచిన ఆ కళ్ళ మీద ఈగ వాలి ఉంది. రెప్ప పడలేదు.

లోవలక్ష్మి షెడ్డు నుంచి పరుగున వచ్చేసరికి చేతులకి రొయ్య పొట్టు అంటుకునే ఉంది. ఏడవడానికి ముందు ఒక్క మాటే అడిగింది. "పనిచ్చారాండీ?"

పెద్దిరాజు గారు తల తిప్పుకున్నారు.

"ఇచ్చారమ్మా, మాస్టారూ అని పిలిచారు" అన్నారు సూర్యకళమ్మ గారు.

నలుగురు వచ్చి అతన్ని తీసుకెళ్ళారు. బరువేం లేదన్నారు. పాకలో గ్లాసు ఎవరికీ గుర్తు లేదు. చారు చల్లారి, వెన్న మందంగా మీగడ కట్టింది. కప్పులోంచి ఒక గడ్డిపోచ రాలి దాని మీద పడింది. మునగలేదు.