మన్నుకే అరిచే మిషను

నేను ఒక మెటల్ డిటెక్టర్‌ను. పొడవాటి కర్ర, కర్ర చివర అన్నం పళ్లెమంత తీగచుట్ట, పైన చిన్న డబ్బా, డబ్బా మీద ఒక ముల్లు, రెండు దీపాలు, గొంతు పెంచి తగ్గించే చక్రం. నా శరీరం ఇంతే. లోహం తగిలితే అరవడం నా ఉద్యోగం. అరిచి అరిచి అలిసిపోయాను. ఇప్పుడు నా పక్కన ఉల్లిపాయల బుట్ట తప్ప వినేవాళ్లు లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎక్కడో దూరపు ఫ్యాక్టరీలో నన్ను బిగించారు. పరీక్ష చేసినవాడు చెక్కబల్ల మీద ఒక నాణెం పెట్టి, నన్ను దాని మీద ఆడించి, కుయ్యిమనగానే తలూపి అట్టపెట్టెలో పెట్టేశాడు. చెక్కబల్ల మీద ఎవరైనా బుద్ధిమంతులే. లోకమంతా చెక్కబల్లేనని నేనూ నమ్మాను.

బళ్లారిలో ఒక దుకాణం అద్దాల వెనక ఏడాది నిలబడ్డాను. నా పక్కనే ఇంకొకడు ఉండేవాడు. దీపాల్లేవు, ముల్లు లేదు, నల్లగా మొద్దులా ఉండేవాడు. ధర మాత్రం నాకు మూడింతలు. ఒక మధ్యాహ్నం హనుమంతరాయుడనే రైతు వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏ మన్నులో వెతకాల సార్?" అన్నాడు దుకాణదారు.

"మంచి మన్నే. మా తాత కాలం నుంచి సేద్యం చేస్తాండే మన్ను."

"అది గాదు సార్. ఇనుము కలిసిన ఎర్రమన్నయితే మిషను ఆ మన్నును చూసే అరుస్తాది. దానికి ఈ నల్లది తీస్కోండి. మన్ను గోల పక్కన పెట్టి సొమ్మును మాత్రమే చూస్తాది."

"మన్నును అడిగి మిషను కొంటారా యాడన్నా?" అని రాయుడు నవ్వాడు. నా పెట్టె మీద ఆరడుగుల లోతు అని రాసి ఉంది. పైగా రెండు దీపాలు. సంబంధం చూడబోయి ఆ ఊరి నీళ్ల రుచి దాకా విచారించే మనుషులు, మిషను దగ్గరికొచ్చేసరికి దీపాలు చూసి మెచ్చుకుంటారు. అలా నేను రాయదుర్గం అవతల, ఇనుపరాతి కొండల కింద ఉన్న ఊరికి చేరాను.

అక్కడ పోయిన వస్తువు ఒక చెవికమ్మ. రాయుడి భార్య ఓబుళమ్మది అనాలో, ఆమె అక్క మారెక్కది అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. తల్లి పోతూ బంగారు కమ్మల జత ఎవరికో చెప్పలేదు. ఒక ఇత్తడి బిందె కోసం అప్పటికే రెండేళ్లు మాటలు మానేసిన అక్కాచెల్లెళ్లు, ఈ జత కోసం మళ్లీ మాట కలిపారు. ఏడాది ఒకరు, ఏడాది ఒకరు. ఉగాదికి చేతులు మారాలి. పద్దెనిమిదేళ్లుగా వాళ్ల రాకపోకలు ఆ వంతు మీదే నడుస్తున్నాయి. ఈ ఏడు ఓబుళమ్మ వంతు. వేరుశనగ పెరికేటప్పుడు ఒక కమ్మ చేలో ఎక్కడో జారిపోయింది. ఉగాదికి పన్నెండు రోజులు. జత పోతే మాట కూడా పోతుందని ఓబుళమ్మకు తెలుసు.

రాయుడు నా చక్రం చివరిదాకా తిప్పి చేలో దించాడు. దించిన చోటల్లా అరిచాను. నిజానికి నేను అబద్ధమాడలేదు. ఆ మన్నంతా ఇనుమే. అడుగడుక్కీ ఉందంటే ఉందని చెప్పాను. అతను అడుగడుక్కీ తవ్వాడు. నాలుగు రోజులకు దొరికినవి రెండు తుప్పు మేకులు, ఒక ఎద్దు నాడా.

"ఏం రాయుడన్నా, బోరు యేస్తాండావా?" అన్నారు దారిన పోయేవాళ్లు.

ఐదో రోజు నన్ను మూలకు విసిరి, ట్రాక్టరు బాగుచేయించే పని పెట్టుకుని రాయుడు రాయదుర్గం పోయాడు.

అప్పుడు ఓబుళమ్మ నన్ను పట్టుకుంది. మిగిలిన కమ్మను పెరటి బండ మీద పెట్టి, నన్ను దాని మీద ఆడించి, కళ్లు మూసుకుని విన్నది. నా ముల్లు సరిగ్గా మధ్యలో ఆగింది, బంగారానికి అక్కడే ఆగుతుంది. తర్వాత చేలోకి తీసుకుపోయింది. నేను మామూలుగానే గోల మొదలెట్టాను. ఆమె చక్రాన్ని పొయ్యి సెగ తగ్గించినట్టు సగానికి తగ్గించింది. నన్ను నాలుగు వేళ్లు పైకెత్తి, ముగ్గు గీత లాగినంత నిదానంగా కదిలించింది. నా అరుపు గొణుగుడైంది.

"ఇంకా ఏదో గొణుగుతానే ఉండాది గదక్కా," అంది పక్క చేలో కలుపు తీస్తున్న ఆమె.

"గొణగనీలే. మా ఆయప్ప గొణుగుడు ముప్పై ఏండ్లుగా వింటాండా. ఏది ఉత్తదో, ఏది ఆకలిదో తెలీదా నాకు?"

మూడోరోజు పొద్దున, గట్టు పక్కన పెరికిన చెట్లు కుప్ప వేసిన చోట, గొణుగుడు మధ్యలో ఒక శుభ్రమైన కూత కూశాను. ఆమె వేళ్లతోనే తవ్వింది. కమ్మ. కొంగుతో తుడిచి చెవికి పెట్టుకుని, అక్కడే మన్నులో కూలబడింది. కూత కూసినప్పుడు నా ముల్లు మధ్యలో ఆగలేదు, కుడి కొసకు పోయింది. రాగికి అలా పోతుంది. ఆమె చూడలేదు. ఓపిక లేక నేనూ ఊరుకున్నాను.

ఉగాది ముందురోజు మారెక్క వచ్చింది. రాయుడికి దాచుకోవడం చేతకాదు. మిషను తెచ్చిన గొప్ప చెప్పబోయి కమ్మ పోయిన సంగతి కక్కేశాడు.

"అమ్మ సొమ్మును మన్నుపాలు చేస్తివంటమే?" అని అందుకుంది మారెక్క. "నా వంతులో ఏనాడన్నా గీత పడిందా దానికి? చెవుల్లో కాదు, కండ్లల్లో పెట్టుకుంటి."

ఓబుళమ్మ తలవంచుకుని వింటోంది. మాట మళ్లించడానికి రాయుడు నన్ను తెచ్చి, రెండు కమ్మలూ బండ మీద పెట్టాడు. "ఎట్ల పట్టుకుంటాదో చూడు వదినా." ఒకదాని మీద ఆడించాడు, ముల్లు మధ్యలో. రెండోదాని మీద, ముల్లు కుడి కొసకు. మళ్లీ ఆడించాడు, మళ్లీ అంతే.

"ఇదేందిమే? జత గదా ఇవి?"

మారెక్క నోట్లో పెట్టుకోబోయిన వక్క చేతిలోనే ఆగింది. ఆమె గోడ మీది క్యాలెండరు చూడసాగింది. ఓబుళమ్మ అక్కను చూసింది, ముల్లును చూసింది, మళ్లీ అక్కను చూసింది.

"దాని మాట పట్టుకుంటే అంతే," అంది నిదానంగా. "మన్నుకే అరిచే మిషను అది. ఏది చూసి ఏమంటాదో దానికే తెలీదు."

"అదీ నిజమేలే," అన్నాడు రాయుడు. నాలుగు రోజులు గుంటలు తవ్విన మనిషి, నమ్మక ఏం చేస్తాడు?

మారెక్క గొంతు నా చక్రం తిప్పినట్టు తగ్గిపోయింది. "ఈయేడు గూడా నువ్వే పెట్టుకోమే."

"వంతు వంతే అక్కా. మళ్లా ఉగాదికి నువ్వే తెచ్చియ్యాల," అని ఓబుళమ్మ రెండు కమ్మలూ గుడ్డలో మూటగట్టి అక్క చేతిలో పెట్టింది. ఇద్దరూ కలిసి పండగ ఓళిగలకు బెల్లం తరగడానికి పోయారు.

తర్వాత ఓబుళమ్మ నన్ను సామాన్ల గదిలో మేకుకు తగిలిస్తూ తనలో తానే అనుకుంది: "ఆరేండ్ల కిందట అక్క హంపి ఏట్లో మునిగొచ్చి నెల దినాలు చెవులమింద కొంగు కప్పుకొని తిరిగె. చెవిపోటంటే నమ్మితి. ఏట్లోనే పోగొట్టుకొని రాగిది చేపిచ్చి పూత పోయించినట్టుంది." చిన్నగా నవ్వుకుని, రెండు ఉల్లిపాయలు ఏరుకుని పోయింది.

ఆ ఇంట్లో నేను తడబడకుండా చెప్పిన నిజం అదొక్కటే. దాన్నే అబద్ధమన్నారు. కోపమేమీ లేదు. కోపానికీ బ్యాటరీలు కావాలి, నావి టీవీ రిమోటుకు పోయాయి. చక్రం మాత్రం ఆమె తిప్పిన చోటే, సగం దగ్గరే ఉంది. ఎవరూ పెంచలేదు. అలాగే ఉండనివ్వండి.