సీటు కొలతలు

సాయంత్రం ఐదుంబావు. మధ్యాహ్నం కురిసిన వాన వెలిసి, పడమటి నుంచి చల్లగాలి వీస్తోంది. సీట్లు కుట్టే షాపు ముందు నా భర్త క్రూయిజర్ మోటారుసైకిల్ ఆపాడు. వెనుక ఎడమ తుంటి మీదే బరువు మోపి కూర్చున్న నేను మెల్లగా దిగాను. నేను నిటారుగా కూర్చోలేకపోవడానికి కారణం ఉంది.

అతను స్నేహితులతో తాగిన ప్రతిసారీ, అతన్నీ బండినీ ఇంటికి చేర్చేది నేనే. ఆదివారాలు దాన్ని కడిగేదీ నేనే. సీటు ముందుభాగం వెడల్పు కావడంతో నా పాదాలు నేలకు అందేవి కావు. అందనందువల్ల ఒకసారి మలుపులో బండి ఒరిగింది. ఒరిగినందువల్ల ట్యాంకు సొట్టపడింది. సొట్టపడినందువల్ల, నేనింకా నేల మీద ఉండగానే, అతను బూటుకాలితో నా నడుము కింద తన్నాడు. తోక ఎముక చిట్లింది.

"వాడికి బండంటే ప్రాణం. నువ్వైనా కాస్త చూసుకోవద్దటమ్మా" అన్నారు అత్తగారు, వేడినీళ్ళ సంచి అందిస్తూ. మర్నాడు కాలేజీలో నిలబడే పాఠం చెప్పాను. ఎవరూ ఏమీ అడగలేదు. లెక్చరర్లు నిలబడేవాళ్ళే కదా.

ఇప్పుడు అతని నడుముకు నొప్పి వచ్చింది. అందుకని కొత్త సీటు.

"ఓసారి ఎక్కి కూర్చోండి సార్, కొలతలు తీసుకుంటాను" అన్నాడు సీట్లు కుట్టే అతను.

"దర్జీ ముందు ఆడపిల్లలా నేను కొలతలివ్వాలా? ఇదిగో, ఇది కూర్చుంటుంది. సీటు సీటేగా" అని నా భర్త ఎదుటి టీకొట్టు దగ్గరున్న స్నేహితుల వైపు వెళ్ళిపోయాడు.

కుట్టే అతను నాకేసి చూశాడు. "ఇంతకీ బండి నడిపేది ఎవరమ్మా?"

నేను ముందు సీటు ఎక్కాను. "నేనే. ముందువైపు సన్నగా చెక్కండి, ఎత్తు తగ్గించండి. వెనక ఇక్కడ గాడి తీయండి, ఎముక ఆనకూడదు."

"పడ్డారా?"

"పడ్డాక తన్నారు."

అతను సుద్దముక్క తీశాడు.

వారం తరువాత నన్నూ స్నేహితులనూ వెంటబెట్టుకుని వచ్చి నా భర్త కొత్త సీటు మీద కూర్చున్నాడు. మోకాళ్ళు పొట్ట దాకా లేచాయి.

"ఎవడి కొలతలయ్యా ఇవి?"

"మేడంవే సార్. నడిపేది తనేనన్నారు."

"మరింకేం బావా, ఇకనుంచి నువ్వు వెనకాలే" అన్నాడు స్నేహితుడొకడు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళను అతను ఏమీ అనలేదు. దిగివచ్చి, చేతిలోని హెల్మెట్‌తో నా దవడ మీద కొట్టాడు. రెండు పళ్ళు ఊడి నోట్లోనే ఉండిపోయాయి. నవ్వు ఆగింది. ఎవరూ కదల్లేదు. కుట్టే అతను అడ్డం వస్తే, అతని చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టసాగాడు నా భర్త.

తాళం బండికే ఉంది. పళ్ళను గుప్పిట్లోకి ఉమ్మి కొంగున ముడివేసుకుని, బండెక్కాను. రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాయి. ఇంజను మోత విని అతను చొక్కా వదిలి వెనక్కి తిరిగాడు. అప్పటికి నేను రోడ్డెక్కాను.

ఈ ఇరవై ఆరేళ్ళలో ఆ సీటు కవరు మూడుసార్లు మార్పించాను. లోపలి స్పాంజి మాత్రం అదే.